లెస్నీ సంస్థ చరిత్ర: అగ్గిపెట్టె కార్లను పడగొట్టింది హాట్‌వీల్స్ మాత్రమేనా?

1. తాతగారి పెట్టె (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. పోయిన నెలలో మా పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు అటక మీది రేకుపెట్టెలో, తాతగారి సర్టిఫికెట్ల అడుగున, చిన్న ఎర్ర రంగు రెండంతస్తుల బస్సు ఒకటి దొరికింది. బొటనవేలికంటే పెద్దది కాని ఆ బస్సును తిరగేసి భూతద్దంతో చూస్తే, పోతలోనే వచ్చిన అక్షరాల్లో లెస్నీ అనీ ఇంగ్లండ్ అనీ కనిపించాయి. తాతగారు చదువు ముగించుకుని 1960లో ఓడలో తిరిగి వస్తూ మా నాన్నగారి కోసం తెచ్చిన బొమ్మ అదేనని అమ్మ చెప్పింది.

అప్పటి నుంచి ఆ సంస్థ గురించి దొరికినదల్లా చదువుతున్నాను. 1947లో పుట్టి, మ్యాచ్‌బాక్స్ (అగ్గిపెట్టె) అనే పేరుగల చిన్న బొమ్మ కార్లతో ప్రపంచమంతా పాకి, 1982లో దివాలా తీసిన కంపెనీ ఇది. ఎక్కడ చూసినా చివరికి ఒకే మాట చెబుతున్నారు: 1968లో అమెరికా నుంచి హాట్‌వీల్స్ అనే బొమ్మ కార్ల వరుస వచ్చింది, లెస్నీ పడిపోయింది. నాకు ఈ లెక్క కుదరడం లేదు. దెబ్బ తగిలిన పద్నాలుగేళ్లకు ప్రాణం పోతే, ఆ దెబ్బవల్లే పోయిందనడానికి ఆ మనిషి భీష్ముడైనా అయి ఉండాలి, మధ్యలో మరేదైనా జరిగి అయినా ఉండాలి. తెలిసినవారు మొదటి నుంచి చెప్పగలరా? నా బస్సు ఏ సంవత్సరానిదో కూడా తేల్చిపెడితే రుణపడి ఉంటాను.

2. తూర్పు లండన్ తెలుగువాడు

తాతగారి పెట్టె గారూ, నేను పదకొండేళ్లుగా హ్యాక్నీ ప్రాంతంలో ఉంటున్నాను. లెస్నీ పెద్ద కర్మాగారం మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, లీ కన్సర్వెన్సీ రోడ్డు మీద ఉండేది. నేను రాకముందే, 2010లోనే, ఆ భవనాన్ని పడగొట్టేశారు. అందువల్ల నేను చెప్పేదంతా చదివి, ఇక్కడి ముసలివాళ్లను అడిగి తెలుసుకున్నదే.

సంస్థను పెట్టినవారు లెస్లీ స్మిత్, రోడ్నీ స్మిత్ అనే ఇద్దరు. ఇంటిపేరు ఒకటే అయినా చుట్టరికం లేదు. బడిలో స్నేహితులు, యుద్ధకాలంలో ఇద్దరూ నౌకాదళంలో పనిచేశారు. సేవ ముగిశాక చేతికొచ్చిన సొమ్ము కలిపి, సుమారు 600 పౌండ్ల పెట్టుబడితో 1947 జనవరిలో వ్యాపారం ప్రారంభించారు. లెస్లీలోని మొదటి అక్షరాలూ రోడ్నీలోని చివరి అక్షరాలూ కలిపితే లెస్నీ అయింది. ఉత్తర లండన్‌లోని ఎడ్మంటన్‌లో మూతపడిన రైఫిల్‌మన్ అనే మద్యశాల వారి మొదటి కార్ఖానా. అప్పుడు వారి మనసులో బొమ్మల ఊసే లేదు. ఇతర పరిశ్రమలకు కావలసిన చిన్న చిన్న లోహపు భాగాలను పోతపోసి ఇవ్వడమే వారి పని.

మరి బొమ్మలు ఎలా వచ్చాయంటే, పన్ను లెక్కల పుణ్యమా అని వచ్చాయి. ఏడాది చివర గిడ్డంగిలో ఉన్న సరుకు విలువను బట్టి పన్ను పడుతుంది కాబట్టి, పెద్ద కంపెనీలు చివరి రెండు మూడు నెలల్లో విడిభాగాల కొనుగోళ్లు తగ్గించుకునేవి. అప్పుడు పోత యంత్రాలు ఖాళీగా ఉండేవి. బొమ్మలు ఎక్కువగా అమ్ముడయ్యేదేమో సరిగ్గా ఆ నెలల్లోనే, క్రిస్మస్ ముందు. ఖాళీ యంత్రం చేత పని చేయించడానికి 1948లో ఒక రోడ్డు రోలరు బొమ్మను పోతపోశారు. ఈ సంగతి చదివినప్పుడల్లా, పంటల మధ్య ఖాళీ దొరికినప్పుడు తాళ్లు పేనుకునే మా ఊరి రైతులు గుర్తుకొస్తారు.

3. పోతలోహం (హైదరాబాద్)

పై సభ్యుడు చెప్పినదానికి ఒక పేరు జోడించకపోతే కథ సగమే అవుతుంది. ఆ పేరు జాక్ ఓడెల్. స్మిత్‌లు ఇద్దరూ వ్యాపారం చూసుకుంటే, అచ్చులూ యంత్రాలూ చూసుకున్నది ఆయనే. మొదటి సంవత్సరంలోనే వచ్చి చేరాడు. రోడ్నీ కొద్దికాలానికే, కొరియా యుద్ధం నాటికి, తన వాటా వదులుకుని వెళ్లిపోయాడు. పేరులో ఆయన సగం మాత్రం అలాగే నిలిచింది.

నేను ముప్పై ఏళ్లకు పైగా బాలానగర్‌లో పోత పరిశ్రమలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి, ఈ బొమ్మల తయారీ గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. మన ఊళ్లలో ఇత్తడి గంట పోతపోసేవాడు ప్రతి గంటకూ కొత్తగా మట్టి మూస కట్టి, లోహం గట్టిపడ్డాక దాన్ని పగలగొట్టి గంట తీస్తాడు. డై-కాస్టింగ్‌లో అచ్చును ఉక్కుతో రెండు ముక్కలుగా చెక్కుతారు. కరిగిన లోహాన్ని పిచికారీలాగా ఒత్తిడితో అందులోకి కొడతారు. క్షణాల్లో గట్టిపడుతుంది, అచ్చు తెరుచుకుంటుంది, బొమ్మ బయట పడుతుంది. అచ్చు చెక్కించడానికి అయ్యే ఖర్చు మామూలుది కాదు. కానీ ఒక అచ్చుతో లక్షల బొమ్మలు తీయవచ్చు. వాడే లోహం చాలావరకు జింకు, అందులో నూటికి నాలుగు పాళ్లు అల్యూమినియం, కొసరుగా రాగి, మెగ్నీషియం. ఇంగ్లండ్‌లో దాన్ని మజాక్ అంటారు. నాలుగు వందల డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి ఉక్కు అచ్చుకు పెద్దగా హాని జరగదు, రేడియేటరు గీతలంత సన్నని వివరం కూడా చక్కగా పడుతుంది.

ఈ వ్యాపారంలోని లాభమూ ప్రమాదమూ రెండూ ఇందులోనే ఉన్నాయని గమనించండి. లక్షల్లో అమ్ముడైతేనే అచ్చు డబ్బు తిరిగి వస్తుంది. అమ్మకాలు పడిపోతే అచ్చు ఖర్చు మెడకు చుట్టుకుంటుంది.

4. తాతగారి పెట్టె

ఇద్దరికీ ధన్యవాదాలు. రోడ్డు రోలరు నుంచి అగ్గిపెట్టె దాకా ఎలా వచ్చారన్నది ఇంకా అర్థం కాలేదు. పట్టాభిషేక రథం ఒకటి మధ్యలో ఉందని ఎక్కడో చదివాను.

5. తూర్పు లండన్ తెలుగువాడు

ఉంది, ఆ రథం లేకపోతే మీ బస్సు కూడా లేదు. రోడ్డు రోలరు తరువాత సిమెంటు కలిపే యంత్రం, బుల్‌డోజరు, పాలబండి వంటివి కొన్ని వచ్చాయి. మఫిన్ అనే కంచరగాడిద కీలుబొమ్మ అప్పట్లో టెలివిజన్‌లో పిల్లలకు ప్రియమైనది. దాన్ని కూడా లోహంలో పోశారు. ఇంతలో కొరియా యుద్ధం వచ్చి, జింకును బొమ్మలకు వాడకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. రాజుగారి గుర్రపు రథానికి చెక్కించిన పెద్ద అచ్చు అలా మూలన పడింది. 1952 ఫిబ్రవరిలో ఆరవ జార్జి మరణించాడు, ఎలిజబెత్ పట్టాభిషేకం 1953 జూన్‌కు నిర్ణయమైంది, కట్టడి కూడా సడలింది. మొదట పోసిన కొన్ని రథాలలో రాజూ రాణీ ఇద్దరూ కూర్చుని ఉన్నారు. తరువాత అచ్చులో రాజు బొమ్మను నడుము పైభాగం వరకే తీసేశారు, కాళ్లు మాత్రం రాణి పక్కనే మిగిలిపోయాయి! ఆ పెద్ద రథం వేలల్లో అమ్ముడైంది. దాన్నే కుదించి చేసిన చిన్న రథం పది లక్షలకు పైగా అమ్ముడైంది. చిన్న బొమ్మలో ఎంత డబ్బు ఉందో సంస్థకు తెలిసొచ్చింది అప్పుడే.

అగ్గిపెట్టె సంగతి ఇంకా ముచ్చటైనది. ఓడెల్ కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టే బొమ్మను మాత్రమే తరగతికి తేనిచ్చేవారు. ఆయన తమ రోడ్డు రోలరును బాగా చిన్నదిగా ఇత్తడిలో చేసి, అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. తోటి పిల్లలందరూ తమకూ కావాలన్నారు. 1953లో రోడ్డు రోలరు ఒకటో నంబరుగా, డంపరు రెండుగా, సిమెంటు కలిపే యంత్రం మూడుగా మ్యాచ్‌బాక్స్ వరుస మొదలైంది. మన సిరిసిల్ల నేతకారులు అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి తమ నైపుణ్యం చూపినట్టే, ఓడెల్ నైపుణ్యానికీ కొలత అగ్గిపెట్టే అయింది.

అమ్మకం బాధ్యత మాత్రం మోకో అనే సంస్థది. జర్మనీకి చెందిన మోజెస్ కోన్‌స్టామ్ పేరు మీద వెలసిన బొమ్మల వ్యాపారం అది; లండన్‌లో దాన్ని రిచర్డ్ కోన్‌స్టామ్ నడిపాడు. తొలి పెట్టెల మీద లెస్నీతో పాటు మోకో పేరు కనిపించేది అందుకే. 1950ల చివరలో లెస్నీ వారి వాటాను కొనేసింది.

6. డింకీ పక్షపాతి (చెన్నై)

అందరూ లెస్నీని ఆకాశానికి ఎత్తుతున్నారు కనుక ఎదురు మాట చెప్పే బాధ్యత నా మీద పడింది. బొమ్మ కార్ల కథ 1953లో మొదలు కాలేదు. లివర్‌పూల్‌లో మెకానో సంస్థను స్థాపించిన ఫ్రాంక్ హార్న్‌బీ, తన బొమ్మ రైళ్ల పక్కన అలంకారంగా పెట్టుకోవడానికి 1933 చివరలో కొన్ని చిన్న వాహనాలను విడుదల చేశాడు. 1934లో వాటికి డింకీ టాయ్స్ అని పేరు పెట్టారు. ఇరవై ఏళ్ల పాటు బ్రిటన్ పిల్లలకు బొమ్మ కారు అంటే డింకీయే. లెస్నీ తొలి రోడ్డు రోలరుకు నమూనా అయిన ఆవెలింగ్ బార్‌ఫర్డ్ యంత్రాన్నే డింకీ కూడా అదే కాలంలో చేసింది. లెస్నీ దాన్ని తక్కువ ధరకు అమ్మింది, అంతే.

పైగా డింకీలో కొలతకు ఒక నియమం ఉండేది. మ్యాచ్‌బాక్స్‌లో పెట్టె ఎంతో వాహనం అంత. లండన్ బస్సు, చిన్న కారు, సిమెంటు యంత్రం అన్నీ ఇంచుమించు ఒకే పొడవు! పక్కపక్కన పెడితే బస్సులోకి ఎక్కవలసిన మనిషి కారులో పడుకోవలసి వస్తుంది. దీన్ని నైపుణ్యమంటే నేను ఒప్పుకోలేను.

7. పోతలోహం

డింకీ పక్షపాతి గారూ, కొలత విషయంలో మీతో వాదించను, మీరన్నది నిజమే. కానీ యుద్ధానికి ముందునాటి డింకీ మీ దగ్గర ఒక్కటైనా పగుళ్లు లేకుండా ఉందా? ఆ కాలపు బొమ్మలు చాలావాటికి ఉన్న జబ్బును జింకు చీడ అంటారు. జింకులో సీసం కొద్దిగా కలిసినా చాలు, లోహపు రేణువుల అంచుల వెంట లోలోపలే తినేస్తూ పోతుంది. బొమ్మ ఉబ్బుతుంది, నెర్రెలిస్తుంది, చివరికి ముట్టుకుంటే పొడి అవుతుంది. దీన్ని బాగుచేసే మందు లేదు. అత్యంత శుద్ధమైన జింకు, నూటికి 99.99 పాళ్లది, వాడాలనీ కొలిమి దగ్గరికి సీసాన్ని రానివ్వకూడదనీ పరిశ్రమ నేర్చుకున్న తరువాత పుట్టింది లెస్నీ. మా కార్ఖానాలో పాత బ్యాటరీ ముక్క ఒకటి పొరపాటున కొలిమిలో పడినందుకు ఒక రోజు పోత మొత్తాన్ని తుక్కు కింద పారేశాం. కాబట్టి ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ.

ఇక పెట్టె కొలత గురించి. అది వ్యాపారపు ఎత్తు. ఒకే కొలత పెట్టె అంటే ఒకే కొలత అట్ట, ఒకే అర, ఒకే ధర. దుకాణదారుడికి లెక్క సులువు, పిల్లవాడికి జేబులో డబ్బులు సరిపోతాయి. వరుసలో 75 నంబర్లే ఉంచి, కొత్తది వచ్చినప్పుడు పాతదాన్ని తీసేసి అదే నంబరు ఇచ్చేవారు. అందువల్లే అయిదో నంబరు మీద ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు రకాల లండన్ బస్సులు వచ్చాయి. వరుస ఎప్పుడూ పూర్తయినట్టే ఉంటుంది, ఎప్పుడూ పూర్తి కాదు.

కొలత మీద పట్టింపు ఓడెల్‌కు లేకపోలేదు. 1956లో ఆయన ఇష్టపడి ప్రారంభించిన మోడల్స్ ఆఫ్ యెస్టర్‌ఇయర్ అనే వరుసలో మొదటిది ఆల్చిన్ ఆవిరి ఇంజను. పాతకాలపు ఇంజన్లూ, ట్రాములూ, కార్లూ ఉన్న ఆ వరుసను పెద్దవాళ్లు కూడా కొని అద్దాల బీరువాల్లో పెట్టుకున్నారు.

8. స్వాన్సీ కోడలు

నేను మెట్టినది వేల్స్‌లోని స్వాన్సీ కాబట్టి మా కోర్గీని మరిచిపోతే ఇంట్లో అన్నం పెట్టరు. మెట్టాయ్ అనే సంస్థను జర్మనీ నుంచి వచ్చిన యూదులు ఫిలిప్ ఉల్‌మన్, ఆర్థర్ కాట్జ్ నార్తాంప్టన్‌లో నడిపారు. 1956లో స్వాన్సీ దగ్గరి ఫోరెస్ట్‌ఫాక్ కర్మాగారం నుంచి కోర్గీ కార్లు మొదలయ్యాయి. కిటికీలకు పారదర్శకమైన ప్లాస్టిక్ అద్దాలు పెట్టింది వీరే. అప్పటిదాకా డింకీ కార్లకు కిటికీ అంటే ఖాళీ రంధ్రమే. 1965లో వచ్చిన జేమ్స్ బాండ్ ఆస్టన్ మార్టిన్‌లో మీట నొక్కితే పైకప్పు తెరుచుకుని మనిషి బొమ్మ ఎగిరి పడేది. అసలు కారు వెండి రంగుది, బొమ్మ మాత్రం బంగారు రంగుది. ఎందుకంటే వెండి రంగు వేస్తే, రంగు వేయని పచ్చి లోహంలా కనిపిస్తుందని.

ఇంకొక మాట. ఈ చరిత్రలన్నిటిలో స్థాపకుల పేర్లే వినిపిస్తాయి. ఇరుసు దూర్చి చక్రం బిగించినవారు, అంచులకు రంగు అద్దినవారు, పెట్టెలో సర్దినవారు ఎక్కువగా ఆడవాళ్లు. లెస్నీలో అయినా ఇక్కడ మెట్టాయ్‌లో అయినా అంతే. మా అత్తగారి స్నేహితురాలు ఒకామె కోర్గీలో పన్నెండేళ్లు చేసింది. ఇప్పటికీ ఏ బొమ్మ కారు చేతికిచ్చినా మొదట తిరగేసి, ఇరుసు కొసలు సరిగా నొక్కారా లేదా అని బొటనవేలితో తడిమి చూస్తుంది.

9. తూర్పు లండన్ తెలుగువాడు

స్వాన్సీ కోడలు గారు చెప్పింది అక్షరాలా నిజం. లెస్నీ మంచి రోజుల్లో వేలమందికి పని ఇచ్చింది. హ్యాక్నీలో వీధికొక ఇంట్లోనైనా అక్కడ పనిచేసిన అమ్మమ్మ ఉండేదట. 1960లో సంస్థ వాటాలను ప్రజలకు అమ్మకానికి పెట్టినప్పుడు, ఉన్నవాటికి ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చాయి. ఎగుమతులకు ఇచ్చే రాణిగారి పురస్కారం 1960లలో ఒకటికి మించి సార్లు దక్కింది. 1968లో లెస్లీ స్మిత్‌కూ ఓడెల్‌కూ ఓబీఈ అనే బ్రిటిష్ రాచ బిరుదులు వచ్చాయి. దెబ్బ తగిలింది కూడా సరిగ్గా ఆ ఏడాదే.

10. పోతలోహం

ఆ దెబ్బ ఎలాంటిదో ఇరుసు దగ్గరే చూడాలి. మ్యాచ్‌బాక్స్ కారు ఇరుసు మేకులాంటి లావుపాటి తీగ. చక్రం దాని మీదే రాసుకుంటూ తిరిగేది. చేత్తో తోసుకుంటూ ఆడే పిల్లవాడికి అదేమీ లోపం కాదు. మాటెల్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన ఇలియట్ హాండ్లర్ 1968లో తెచ్చిన హాట్‌వీల్స్‌లో ఇరుసు సన్నని గట్టి తీగ, చక్రానికీ ఇరుసుకూ మధ్య జారుడు గుణం ఉన్న ప్లాస్టిక్. వాలుగా పెట్టిన నారింజ రంగు పట్టీ మీద వదిలితే దానంతట అదే దూసుకుపోతుంది, గుండ్రంగా వంచిన దారిలో తలకిందులుగా కూడా వెళ్తుంది. ఒకటి నిజమైన వాహనానికి ప్రతిరూపం, మరొకటి పందెపు గుర్రం. రెండు బొమ్మలూ ఒకే అరలో ఉన్నాయి గానీ, రెండూ ఒకే ఆట కాదు.

అమెరికా పిల్లలు పందేన్నే ఎంచుకున్నారు. లెస్నీ అమెరికా అమ్మకాలు 1969లో 2.8 కోట్ల డాలర్లు ఉంటే, 1970లో 60 లక్షలకు పడిపోయాయి. దీన్ని చిన్న గాయమని ఎవరూ అనలేరు.

11. డింకీ పక్షపాతి

అయితే తాతగారి పెట్టె గారి ప్రశ్నకు జవాబు దొరికినట్టే కదా? ఏడాదిలో నాలుగింట మూడు వంతులకు పైగా అమ్మకాలు పోయిన కంపెనీ తరువాత పన్నెండేళ్లు అంపశయ్య మీద ఉంది. హాట్‌వీల్సే చంపింది.

12. లెక్కల మాస్టారు (గుంటూరు)

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను గానీ, ఈ మాటకు మాత్రం జవాబు చెప్పాలనిపించింది. అంపశయ్య అన్నది సరికాదు. లెస్నీ 1969లోనే సూపర్‌ఫాస్ట్ పేరుతో సన్నని ఇరుసులు వేసి, కొద్దికాలంలోనే 75 నంబర్లనూ మార్చేసింది. అడుగుభాగాల అచ్చులన్నీ తిరిగి దిద్దించడమంటే ఎంత ఖర్చో పోతలోహం గారే చెప్పగలరు. అప్పులు పెరిగాయి, లాభాలు పోయాయి, నిజమే. అయినా సంస్థ 1970ల మధ్యలో కోలుకుంది. కొత్త బొమ్మలు తెచ్చింది. 1978లో అమెరికాలోని ఏఎంటీ అనే ప్లాస్టిక్ నమూనాల సంస్థను కొన్నది. చావుబతుకుల్లో ఉన్నవాడు పొరుగూళ్లో పొలం కొంటాడా?

అసలు సంగతి 1979 తరువాతది. ఆ ఏడాది నవంబరులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీరేటు 17 శాతానికి చేరింది. ఉత్తర సముద్రపు చమురు వల్లా ఆ వడ్డీల వల్లా పౌండు బలపడి, 1980 చివరికి ఒక పౌండుకు 2.40 డాలర్లు దాటింది. లెస్నీ బతికింది ఎగుమతుల మీద. సరుకును పౌండ్లలో చేసి డాలర్లలో అమ్మేవాడికి పౌండు పెరిగిన కొద్దీ చేతికొచ్చేది తరుగుతుంది. బొమ్మలు క్రిస్మస్‌కు అమ్ముడవుతాయి గానీ కూలీ, జింకు, అట్ట ఏడాది పొడుగునా కొనాలి. ఆ మధ్యకాలమంతా అప్పు తెచ్చి నడపాలి. అప్పు మీద పదిహేడు శాతం అంటే మిర్చి రైతుకు ఎరువు కొట్టువాడు వేసే వడ్డీతో సమానం. అదే సమయంలో స్వదేశంలో నిరుద్యోగం పెరిగింది, హాంకాంగ్ నుంచి చవక సరుకు వచ్చింది.

నా వాదనకు బలమైన సాక్ష్యం పక్కింట్లోనే ఉంది. మీ డింకీని చేసే లివర్‌పూల్ బిన్స్ రోడ్ కర్మాగారం 1979 నవంబరులో మూతపడింది. కార్మికులు ఖాళీ చేసేది లేదంటూ లోపలే బైఠాయించారు. దాని యజమాని అయిన ఎయిర్‌ఫిక్స్ 1981లో కూలింది. లెస్నీ 1982 జూన్‌లో, అప్పుల వసూలు కోసం ఆస్తులను చేతికి తీసుకునే రిసీవర్ల పాలైంది. స్వాన్సీ కోడలు గారి మెట్టాయ్ 1983లో. నాలుగేళ్లలో నాలుగు ఇళ్లు కూలితే, ఒక్క ఇంటి పక్కన ఉన్న చెట్టును నిందించడం న్యాయం కాదు, భూమి కదిలిందా అని చూడాలి.

13. పోతలోహం

మాస్టారూ, మీ లెక్క కాదనలేను గానీ ఒక సవరణ. భూమి కదిలినప్పుడు పునాది బాగున్న ఇల్లు నిలబడుతుంది. 1969లో అచ్చులు మార్చడానికి చేసిన ఖర్చు లేకపోతే 1980లో లెస్నీ దగ్గర నిల్వ ఉండేది. ఇంకొకటి, సూపర్‌ఫాస్ట్‌తో వేగం వచ్చింది గానీ అసలు వాహనానికి ప్రతిరూపమనే గుణం తగ్గింది. ఊహాజనితమైన, మెరుపు రంగుల కార్లు వరుసలోకి వచ్చి, పాలబండి, ట్రాక్టరు తగ్గుముఖం పట్టాయి. పోటీదారుడి ఆట ఆడడం నేర్చుకుంటూ తమ ఆటను కొంత వదులుకున్నారు. మొదటి దెబ్బ చంపలేదు, రెండో దెబ్బకు తట్టుకునే ఒంటిని మిగల్చలేదు. నా మాట ఇక్కడితో ముగిస్తాను.

14. లెక్కల మాస్టారు

ఆ సవరణతో నాకు పేచీ లేదు.

15. తాతగారి పెట్టె

నా అనుమానం తీరింది. ఆ తరువాత ఏమైందో ఎవరైనా చెబితే బాగుంటుంది.

16. తూర్పు లండన్ తెలుగువాడు

హాంకాంగ్‌కు చెందిన డేవిడ్ యే అనే వ్యాపారి తన యూనివర్సల్ సంస్థ తరఫున మ్యాచ్‌బాక్స్ పేరునూ అచ్చులనూ కొన్నాడు. తయారీ క్రమంగా మకావ్‌కు తరలింది. అడుగున ఇంగ్లండ్ అని ఉన్న చోట మకావ్ అని పడడం మొదలైంది. 1992లో యూనివర్సల్‌ను టైకో అనే అమెరికా బొమ్మల సంస్థ కొన్నది, 1997లో టైకోను మాటెల్ కొన్నది. అంటే హాట్‌వీల్స్, మ్యాచ్‌బాక్స్ ఇప్పుడు ఒకే ఇంటి కోడళ్లు! డింకీ పేరు కూడా 1987లో మ్యాచ్‌బాక్స్ చేతికే వచ్చింది.

ఓడెల్ మాత్రం ఊరుకోలేదు. అరవై దాటిన వయసులో తన పేరును ఇంగ్లిషులో తిరగరాసి లెడో అనే కొత్త సంస్థ పెట్టి, ఎన్‌ఫీల్డ్‌లో పాతకాలపు వ్యానులూ బస్సులూ పోతపోశాడు. లెస్లీ స్మిత్ 2005లో, ఓడెల్ 2007లో, ఇద్దరూ 87వ ఏటనే మరణించారు.

17. డింకీ పక్షపాతి

వాదనలో ఓడిపోయినా డింకీకి మన దేశంతో ఉన్న సంబంధం ఒకటి చెప్పి వెళ్తాను. 1960ల చివరలో మెకానో కొన్ని పాత డింకీ అచ్చులను కలకత్తాలోని ఒక సంస్థకు అమ్మింది. వారు వాటితో నికీ టాయ్స్ పేరుతో కార్లు పోశారు. అచ్చు అదే, రంగు మాత్రం మందంగా, చక్రాలు కాస్త మోటుగా ఉంటాయి. కొన్నింటి అడుగున డింకీ పేరు చెరిపిన ఆనవాళ్లు కనిపిస్తాయి. దిగుమతి ఆంక్షలున్న ఆ రోజుల్లో మనలో చాలామంది ఆడుకున్న ఆంగ్లేయ కారు నిజానికి కలకత్తాదే. నేను అయితే ఒక ఆన్‌లైన్ అమ్మకందారుడి దగ్గర తొలినాటి డింకీ అని మంచి ధర పెట్టి కొని, రంగు గీకి చూస్తే కింద మరో రెండు రంగులు కనిపించిన బాధితుణ్ణి. అందువల్ల తాతగారి పెట్టె గారికి ఒకటే మనవి: మీ బస్సుకు కొత్త రంగు వేయించకండి.

18. పోతలోహం

సరే, బస్సు సంగతి తేలుద్దాం. అయిదో నంబరు మొదటి బస్సు 1954లో వచ్చింది, పొడవు రెండు అంగుళాలు, చక్రాలు లోహానివి. రెండోది 1957లో వచ్చింది, కొంచెం పొడవు ఎక్కువ. దానికి మొదట లోహపు చక్రాలు, తరువాత బూడిద రంగు ప్లాస్టిక్ చక్రాలు వేశారు. మూడోది, నాలుగోది 1960లలో వచ్చిన రూట్‌మాస్టర్ రకం లండన్ బస్సులు, అవి మీ తాతగారి ప్రయాణానికి తరువాతివి. కాబట్టి స్కేలు పెట్టి కొలవండి, చక్రాల రంగు చెప్పండి, పక్కన ప్రకటన ఏముందో చూడండి.

19. తాతగారి పెట్టె

కొలిచాను. ఇంచుమించు రెండుంబావు అంగుళాలు. చక్రాలు బూడిద రంగు ప్లాస్టిక్, వెనుక కుడిది కొద్దిగా వంకర. పక్కన మ్యాచ్‌బాక్స్ సిరీస్ కొనండి అన్న అర్థం వచ్చే అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి. అంటే రెండో బస్సే.

ఇంకొక విశేషం. ఈ చర్చ అమ్మకు చదివి వినిపిస్తుంటే, ఆ బస్సుకు అట్టపెట్టె ఉండాలే అని లేచి వెళ్లి, కుట్టుమిషను సొరుగులో నుంచి పసుపు, నీలం రంగుల చిన్న పెట్టె తీసుకొచ్చింది. నలభై ఏళ్లుగా అందులో పిన్నీసులు పెట్టుకుంటోందట. ఒక మూత రెక్క చిరిగింది గానీ, మోకో అన్న పేరు ఇంకా చదవగలిగేలా ఉంది. పిన్నీసులకు వేరే డబ్బా ఇస్తేనే పెట్టె ఇస్తానని అమ్మ షరతు పెట్టింది. సాయంత్రం బజారుకు వెళ్తున్నాను.